బస్తర్‌లో ఆహారశక్తి, దేహశ్రమ

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలో ఉన్న బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి: బస్తర్, కొండగావ్, కాంకేర్, నారాయణపూర్, దంతేవాడ, బీజాపూర్, సుక్మా. కష్టపడి పనిచేసే ఇక్కడి మనుషులకు, కొత్తగా క్రీడల్లోకి వస్తున్న ఇక్కడి యువతకు రోజుకు ఎంత శక్తినిచ్చే తిండి కావాలి, అది ఎక్కడి నుంచి వస్తోంది, చాలకపోతే ఏమవుతుంది అన్నది ఈ వ్యాస విషయం. బరువు తగ్గాలని తిండి తగ్గించి వ్యాయామం పెంచుకున్న పట్టణవాసికీ, పని పెరిగినా తిండి పెరగని పల్లెవాసికీ దేహం వేసే లెక్క ఒక్కటే. మొదటివారు ఆ లోటును కోరి తెచ్చుకుంటారు, రెండోవారి మీద అది వచ్చి పడుతుంది. అందుకే ఈ రెండింటినీ కలిపి చూడటం అవసరం.

ప్రమాణాలు

దేశంలో ఆహార ప్రమాణాలను నిర్ణయించేది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చి, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం 65 కిలోల పురుషుడికి రోజుకు కూర్చుని చేసే పనికి 2,110, మధ్యరకం శ్రమకు 2,710, బరువు పనికి 3,470 కిలో కేలరీలు కావాలి. 55 కిలోల స్త్రీకి ఇవే వరుసగా 1,660, 2,130, 2,720. గర్భిణికి అదనంగా 350, బిడ్డకు పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు అదనంగా 600 కావాలి. అంటే పొలం పని చేస్తూ పాలిచ్చే తల్లికి, ఆ పనిని మధ్యరకం శ్రమగానే లెక్కించినా, 2,730 అవసరం. కుర్చీలో కూర్చుని పనిచేసే మగవాడి అవసరం కంటే ఇది చాలా ఎక్కువ.

పేదరికపు గీతకు ఆధారంగా 1979లో ప్రణాళికా సంఘం కార్యదళం గ్రామాల్లో మనిషికి 2,400, పట్టణాల్లో 2,100 కిలో కేలరీలు తీసుకుంది. అది పిల్లలు, పెద్దలు, అన్ని రకాల పనులవాళ్లు కలిసిన సగటు. బరువు పని చేసే ఒక మనిషికి దాన్ని నేరుగా అన్వయించడం పొరపాటు.

తిండి

బస్తర్ ఊళ్ల తిండికి ఆధారం బియ్యం. దానికి తోడు రాగి, కొర్ర, సామ, అరికె వంటి చిరుధాన్యాలు. మెట్టల్లో అడవి నరికి కాల్చి చేసే పెండా సాగులో చిరుధాన్యాలదే పెద్దపీట అని, 1927 నుంచి 1931 వరకు బస్తర్ సంస్థాన పాలనాధికారిగా పనిచేసిన డబ్ల్యూ.వి. గ్రిగ్‌సన్ 1938 నాటి తన గ్రంథంలో వివరంగా రాశారు. అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలని 1905లో వచ్చిన ప్రతిపాదన ఈ సాగును, వేటను, అడవి సేకరణను దెబ్బకొట్టింది. 1910లో ఇక్కడి ఆదివాసులు చేసిన భూమ్‌కాల్ తిరుగుబాటుకు కారణాలు పలు విధాలుగా చెబుతారు. రాజకుటుంబంలోని తగాదాలకు ప్రాధాన్యమిచ్చే కథనాలున్నాయి. తిండికి ఆధారమైన అడవి చేజారడమే మూలమన్న కథనానికే ఎక్కువ బలం కనిపిస్తుంది.

రోజువారీ తిండిలో ముఖ్యమైనది పేజ్, అంటే మన అంబలి. రాగిని ఇక్కడ మడియా అంటారు. మడియా పిండిని రాత్రి నీళ్లలో నానబెట్టి పులియనిస్తారు. మర్నాడు నూకలు ఉడుకుతున్న కుండలో పోసి కలుపుతారు. చల్లారాక తుంబాలో, అంటే ఎండిన సొరకాయ బుర్రలో పోసుకుని పొలానికి తీసుకెళ్తారు. బుర్ర లోపల జావ ఎండలో కూడా చల్లగా ఉంటుంది. ఆకు దొన్నెల్లో పోసుకుని మధ్యాహ్నం దాకా కొంచెం కొంచెంగా తాగుతారు. ఎండాకాలం ఒంట్లోంచి పోయే నీటినీ ఉప్పునూ తిరిగి చేర్చడానికి ఇంత అనువైన తిండి మరొకటి లేదనవచ్చు. 100 గ్రాముల రాగిలో దాదాపు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. తెల్ల బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే.

అయితే జావలో శక్తి పలచన. 100 గ్రాముల రాగి పిండిలో సుమారు 320 కిలో కేలరీలుంటాయి. అది లీటరు జావ అయినప్పుడు కడుపు నిండుతుంది, కానీ వచ్చేది ఆ 320 మాత్రమే. నూకలు ఎక్కువ వేస్తే ఇంకొంత పెరుగుతుంది. బరువు పని చేసే మనిషి జావతోనే రోజంతా నెట్టుకొస్తే కడుపు నిండినట్టుంటుంది, లోటు మాత్రం తీరదు. చిన్న పొట్టగల పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఆ లోటును పూడ్చేది కొవ్వు, తీపి. ఎండిన ఇప్పపువ్వు బరువులో దాదాపు సగమో అంతకు మించో చక్కెరలే ఉంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలిన పూలను ఏరి, ఎండబెట్టి దాచుకుంటారు. కొన్నిచోట్ల చింతగింజలతో కలిపి ఉడికించి తినేవారు. ఇప్పుడు ఎక్కువ భాగం సంతలో అమ్ముడుపోయి సారాకు వెళ్తోంది. ఇప్ప గింజల నుంచి తీసే టోరా నూనె పాతకాలపు వంటనూనె. పది గ్రాముల నూనెతో 90 కిలో కేలరీలు వస్తాయి. బరువు పని చేసే పురుషుడికి రోజుకు 40 గ్రాముల వంటనూనె కావాలని 2020 ప్రమాణాలు చెబుతున్నాయి. బస్తర్ వంటల్లో సాధారణంగా అంత నూనె పడదు.

చాపడా అనే ఎర్రచీమల పచ్చడి బస్తర్ తిండికి గుర్తుగా ప్రసిద్ధం. దీనికి దగ్గరిదైన ఒడిశా సిమిలిపాల్ కాయి పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాంసకృత్తులకు, రుచికి చాపడా మంచిదే కానీ తినే పరిమాణం చిన్నది కాబట్టి శక్తి లెక్కలో దాని వాటా స్వల్పం. సల్ఫీ, అంటే మన జీలుగు కల్లు, తాజాగా దింపినప్పుడు చక్కెర నీరే. పులిసిన కొద్దీ ఆల్కహాల్ శాతం పెరుగుతుంది. లాందా అనే బియ్యపు కల్లు కూడా ఇలాంటిదే. వీటిని ఆహారంగా లెక్కించాలా వద్దా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. అన్నానికి బదులుగా తాగితే నష్టమే అన్న మాట సమంజసంగా ఉంది.

ఏడాది చక్రం

ఎక్కువ భాగం వర్షాధారం, ఒకే పంట. నాట్లు, కలుపు తీత జూలై నుంచి సెప్టెంబరు వరకు సాగుతాయి. పని ఎక్కువ, గాదెలో గింజలు తక్కువ, మలేరియా జోరు కూడా అప్పుడే. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే పడుకుని ఉన్నా దేహం ఖర్చు పదో వంతుకు పైగా పెరుగుతుంది. ఇలా శ్రమ, ఆకలి, జ్వరం మూడూ ఒకే నెలల్లో పడటం బస్తర్ పోషణ సమస్యకు గుండెకాయ వంటిది.

ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోత. తెల్లవారకముందే అడవికి వెళ్లి ఆకు కోసుకొచ్చి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, సాయంత్రానికి కల్లంలో అప్పగిస్తారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. ఛత్తీస్‌గఢ్‌లో బస్తా ధర 4,000 రూపాయల నుంచి 2024లో 5,500 రూపాయలకు పెరిగింది. సంవత్సరంలో చేతికి నగదు వచ్చే కొద్ది రోజుల్లో ఇవి ముఖ్యమైనవి. కాబట్టి ఇంటిల్లిపాదీ ఎండలో పనిచేస్తారు, వంటకు తీరిక దొరకదు.

జనవరి నుంచి మిర్చి కోతకు సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాలకు వలస సాగుతుంది. 2005లో మావోయిస్టు వ్యతిరేక సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి గోదావరి తీరపు అడవుల్లో స్థిరపడినవారిని తెలుగునాట గొత్తికోయలు అంటున్నారు. సొంత ఊళ్లో అడవి దుంప, ఆకుకూర, ఇప్పపువ్వు ఊరికే దొరికేవి. కూలికి వచ్చినచోట ప్రతిదీ కొనాలి. అక్కడ రేషన్ కార్డు లేనివారికి ఆ భారం రెట్టింపు.

రేషన్ బియ్యం

ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2012 డిసెంబరులో ఆహార, పోషణ భద్రతా చట్టం చేసింది. కేంద్ర చట్టం వచ్చింది 2013లో. అర్హత గల కుటుంబానికి నెలకు 35 కిలోల బియ్యం, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో దానికి తోడు శనగలు ఇవ్వడం ఈ చట్టం విశేషం. 2020లో బస్తర్ డివిజన్‌కు బెల్లం కూడా చేర్చారు.

ఈ పథకం ఆకలిని గణనీయంగా తగ్గించిందన్నది నిజం. దాని పరిధి కూడా తెలుసుకోవాలి. 35 కిలోల బియ్యంలో సుమారు 1,24,600 కిలో కేలరీలుంటాయి. ఐదుగురి కుటుంబంలో మనిషికి రోజుకు వచ్చేది దాదాపు 830. ఇది బరువు పని చేసే పురుషుడి అవసరంలో నాలుగో వంతుకు కూడా చేరదు. మిగిలినది పొలం, అడవి, కూలి డబ్బు ఇవ్వాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా ముందు తగ్గేది పప్పు, నూనె. తర్వాత తగ్గేది, చాలా ఇళ్లలో, చివరగా తినే ఆడమనిషి అన్నం.

చిన్న దేహం వాదం

చిన్న దేహానికి తక్కువ తిండి చాలు కదా అన్న ప్రశ్న పోషణ శాస్త్రంలో పాతదే. దేహం తక్కువ తిండికి అలవాటు పడగలదని గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే వాదించారు. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ చిన్నగా ఉన్నా ఆరోగ్యంగానే ఉండవచ్చన్నారు. జాతీయ పోషకాహార సంస్థకు సంచాలకుడిగా పనిచేసిన సి. గోపాలన్ దీన్ని గట్టిగా ఖండించారు. ఎదగకపోవడం సర్దుబాటు కాదని, పని సామర్థ్యాన్నీ వచ్చే తరాన్నీ మూల్యంగా చెల్లించడమని ఆయన వాదన. తక్కువ బరువుతో పుట్టే బిడ్డలను, అలసటతో కూలి తగ్గే తల్లులను చూసినవారికి గోపాలన్ మాటే నిలబడుతుంది. లెక్క కూడా అదే చెబుతుంది. 2020 ప్రమాణాలను దామాషాగా తగ్గించినా 50 కిలోల మనిషి బరువు పనికి సుమారు 2,670 కిలో కేలరీలు కావాలి.

మరో వాదం ఇటీవలిది. టాంజానియాలోని హద్జా వేటగాళ్లు రోజంతా తిరిగినా, దేహ పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే పట్టణవాసుల కంటే ఎక్కువ శక్తి ఖర్చు చేయడం లేదని హెర్మన్ పాంట్జర్ బృందం 2012లో చూపింది. శ్రమ పెరిగితే దేహం ఇతర పనుల్లో పొదుపు చేస్తుందని దీని సారం. వ్యాయామంతోనే బరువు తగ్గడం ఎందుకు కష్టమో ఇది కొంతవరకు వివరిస్తుంది. తక్కువ తిండి చాలుతుందనడానికి మాత్రం దీన్ని ఆధారం చేసుకోకూడదు. ఆ పొదుపు రోగనిరోధకతలో, సంతానశక్తిలో జరిగే అవకాశం ఉంది.

క్రీడలు, సాధన

నారాయణపూర్‌కు చెందిన అబూజ్‌మాడ్ మల్లఖంబ్ జట్టు 2023లో ఇండియాస్ గాట్ టాలెంట్ టీవీ పోటీ పదో సీజన్ గెలిచింది. బస్తర్ జిల్లాకు చెందిన నైనా సింగ్ ధాకడ్ 2021లో ఎవరెస్ట్ ఎక్కారు. 2024 చివర్లో బస్తర్ ఒలింపిక్స్ పేరుతో డివిజన్ అంతటా పోటీలు జరిగి, డిసెంబరులో జగదల్‌పూర్‌లో ముగిశాయి. ఇలా సాధన చేసే పిల్లలు పెరుగుతున్న కొద్దీ వారి పళ్లెం గురించి ఆలోచించాల్సిన బాధ్యత పెద్దలది.

సాధనకు ఖర్చయింది పోగా మిగిలే శక్తితోనే దేహం ఎదుగుదల, ఎముక, రక్తం, నెలసరి నడుపుకోవాలి. కొవ్వును మినహాయించిన దేహ బరువులో కిలోకు ఆ మిగులు 45 కిలో కేలరీలుంటే మంచిది. 30 కంటే తగ్గితే చిక్కు. ఉదాహరణకు 50 కిలోల బాలికలో పది కిలోలు కొవ్వు అనుకుంటే మిగిలేది 40 కిలోలు. సాధనకు 500 ఖర్చవుతుంటే ఆమె 2,300 తినాలి. 1,700 తింటే సరిగ్గా ప్రమాదపు అంచున ఉన్నట్టు. నెలసరి ఆగడం, ఎముకకు సన్న పగుళ్లు, ఎప్పుడూ చలి, తగ్గని అలసట దీని గుర్తులు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీన్ని స్త్రీ పురుషులిద్దరికీ వర్తించే సమస్యగా గుర్తించి, 2023లో మార్గదర్శకాలను సవరించింది. నెలసరి ఆగితే సాధన బాగా సాగుతోందని కొందరు కోచ్‌లు అనుకోవడం ఉంది. అది తప్పు. వైద్యుణ్ని కలవాల్సిన సమయమది.

బరువు తగ్గదలిచినవారికి

జగదల్‌పూర్ వంటి పట్టణాల్లో అధిక బరువు, మధుమేహం పెరుగుతున్నాయంటున్నారు. బరువు తగ్గదలిచినవారు రోజుకు 500 కిలో కేలరీల లోటు పెట్టుకుంటే వారానికి దాదాపు అర కిలో తగ్గవచ్చు. అంతకు మించి కోత పెట్టి వ్యాయామమూ పెంచితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. 1944–45లో మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులకు ఆరు నెలలు రోజుకు సుమారు 1,570 కిలో కేలరీలే ఇచ్చి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. వారి బరువు నాలుగో వంతు తగ్గింది. బలం సడలింది, ఎండలోనూ చలి వేసింది, ఆలోచనలన్నీ తిండి చుట్టూ తిరిగాయి. ఇప్పుడు చలామణిలో ఉన్న 1,200 కేలరీల పథకాలు దానికంటే తక్కువన్నది గుర్తుంచుకోవాలి.

కొలతలు, కార్యక్రమాలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో తక్కువ బరువు ఉన్నవారు 2015–16లో 37.7 శాతం, 2019–21లో 31.3 శాతం. ఎత్తు ఎదగనివారు 37.6 నుంచి 34.6 శాతానికి తగ్గారు. అదే కాలంలో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత 47 నుంచి 60.8 శాతానికి పెరిగింది. ఇవి రాష్ట్రపు సగటులు. దక్షిణ బస్తర్ జిల్లాలు సాధారణంగా వీటికంటే వెనకే ఉంటున్నాయి.

2019 అక్టోబరు 2న రాష్ట్రమంతటా ముఖ్యమంత్రి సుపోషణ్ అభియాన్, 2020లో మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమం మొదలయ్యాయి. 2021లో హైదరాబాద్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థతో ఒప్పందం చేసుకుని రాష్ట్రం మిల్లెట్ మిషన్ ప్రారంభించింది. చిరుధాన్యాలకు మద్దతు ధర రావడం రైతుకు మేలు. పండించిన రాగి ఊళ్లోనే కొంత మిగిలి అంగన్‌వాడీకి, ఆశ్రమ పాఠశాలకు చేరితే పిల్లలకూ మేలు. ఈ కార్యక్రమాలన్నింటికీ సరైన కొలబద్ద పంచిన కిలోలు కాదు. ఆ ఇంట్లోవారు చేసే పనికి ఆ తిండి చాలుతోందా అన్నదే.