ఇంటిపేరు ఎవరిచ్చారు? – అమాండా స్మిత్ కుటుంబాన్ని వెతుకుతూ



పోయిన భాగం చదివిన విద్యార్థుల్లో చాలామంది ఒకే మాట అడిగారు. "అన్నా, తాత పేరు దాకా తెలుసు. ఆపైన మా ఇంట్లో ఎవరూ చెప్పలేరు. కాగితాల్లో లేదు, గుర్తుల్లో లేదు. ఇంక మా చరిత్ర ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?"

నాదీ అదే బాధ. మా నాయనమ్మది మెదక్ దిక్కు పల్లె. చర్చి బాప్తిస్మం రిజిస్టర్‌లో ఆమెకు ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, వాడలో పిలిచే పేరు ఇంకొకటి. తాత పోయినంక నలభై ఏళ్ళు ఒక్కతే నాట్లు వేసి, కలుపు తీసి ఇల్లు నడిపింది. ఆమె పోయినప్పుడు సమాధి రాయి మీద ఏ పేరు చెక్కాలని మా నాన్న, మేనత్త రెండు రోజులు వాదులాడుకున్నారు. "సరే, ఆమెను కన్న తల్లి పేరేంది?" అని నేనడిగితే ఇద్దరూ నోరు మెదపలేదు.

ఆ వెతుకులాటలో ఉన్నప్పుడే ఒక నల్లజాతి మెథడిస్టు వితంతువు కథ చదివాను. పేరు అమాండా బెర్రీ స్మిత్. బానిసగా పుట్టింది. బట్టలుతికి బతికింది. ఇద్దరు భర్తలను పోగొట్టుకుంది. ప్రసంగీకురాలై ఇంగ్లండ్, ఇండియా, లైబీరియా తిరిగింది. 1893లో చికాగోలో ఆమె ఆత్మకథ అచ్చయింది. ఆమె ఎంత గొప్ప ప్రసంగీకురాలో చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆమె కుటుంబాన్ని వెతకాలంటే ఏం చేయాలో చూద్దాం. అందులో మనకు పనికొచ్చే పాఠం ఉంది.

ఆత్మకథ మొదట్లోనే ఆమె ఏం చెప్పిందో చూడండి. 1837 జనవరి 23న మేరీలాండ్ రాష్ట్రంలోని లాంగ్ గ్రీన్‌లో పుట్టాను అంటుంది. తండ్రి పేరు శామ్యూల్ బెర్రీ, తల్లి పేరు మరియమ్, తల్లి పుట్టింటి పేరు మాథ్యూస్ అని చెబుతుంది. ఆ వెంటనే తండ్రి యజమాని పేరు డార్బీ ఇన్సర్, తల్లి యజమాని పేరు షాడ్రాక్ గ్రీన్, వాళ్ళ పొలాలు పక్కపక్కనే ఉండేవి అని రాస్తుంది.

మామూలు పాఠకుడు ఈ వివరాలు దాటుకుని ముందుకు పోతాడు. వంశం వెతికేవాడికి మాత్రం ఇవే తాళంచెవులు. ఎందుకో చెబుతాను.

అమెరికాలో 1850లో, 1860లో జనాభా లెక్కలు తీసినప్పుడు బానిసలకు వేరే పట్టికలు పెట్టారు. అందులో యజమాని పేరు ఉంటుంది. దాని కింద వరసగా వయసు, ఆడా మగా, రంగు రాసి ఉంటాయి. పేర్లుండవు. ముప్పై ఏళ్ళ ఆడమనిషి, ఆరేళ్ళ మగపిల్లవాడు, అంతే. ఎవరు ఎవరికి తల్లో, ఎవరు ఎవరికి బిడ్డో ఉండదు. అంతర్యుద్ధం ముగిశాక, 1870 లెక్కల్లోనే విముక్తులందరి పేర్లు మొదటిసారి ఎక్కాయి. అందుకే ఇవాళ్టికీ నల్లజాతి కుటుంబాలు తమ వంశాన్ని వెనక్కి తవ్వుకుంటూ పోతే 1870 దగ్గర గోడ అడ్డొస్తుంది.

ఆ గోడ అవతలికి పోవాలంటే యజమాని కాగితాల్లోంచే పోవాలి. యజమాని చనిపోతే ఆస్తి జాబితా రాస్తారు. అందులో గుర్రాలు, పశువులు, బండ్లతో పాటు మనుషుల పేర్లు, ఎదురుగా ధర ఉంటాయి. వీలునామాలో ఏ బానిస ఏ కూతురికి పోతుందో ఉంటుంది. అమ్మకం పత్రాలు ఉంటాయి. పారిపోయిన వాళ్ళను పట్టిస్తే బహుమానం ఇస్తామన్న పత్రికా ప్రకటనలు ఉంటాయి. మన మనిషి ఆనవాలు మన మనిషిని అమ్ముకున్నవాడి దస్త్రంలో దొరుకుతుంది. ఆ కాగితం పట్టుకున్నప్పుడు సంతోషపడాలో ఏడవాలో తెలియదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బానిసలందరూ యజమాని ఇంటిపేరే పెట్టుకున్నారని చాలామంది అనుకుంటారు. అమాండా కుటుంబాన్ని చూడండి. తండ్రి యజమాని ఇన్సర్, తండ్రి మాత్రం బెర్రీ. తల్లి యజమాని గ్రీన్, తల్లి మాత్రం మాథ్యూస్. ఆ రెండు పేర్లూ వాళ్ళను పట్టుకుని ఉన్న యజమానులవి కావు. అంటే "బెర్రీ" అనే యజమాని కోసం ఎన్నేళ్ళు వెతికినా ఈ కుటుంబం దొరకకపోవచ్చు. తల్లిదండ్రుల పేర్లతో పాటు యజమానుల పేర్లు కూడా ఆమె రాసిపెట్టింది కాబట్టే దారి దొరుకుతోంది.

ఇంకో సంగతి. భార్యాభర్తలు రెండు వేర్వేరు పొలాల బానిసలు. మరి పిల్లలు ఎవరి సొత్తు? తల్లి యజమాని సొత్తు. బిడ్డ తల్లి స్థితినే పొందుతుందని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. బానిసత్వం ఉన్న మిగతా చోట్లా అదే పద్ధతి స్థిరపడింది. తెల్ల యజమాని బానిస స్త్రీని చెరిచి బిడ్డను కన్నా ఆ బిడ్డ బానిసే, యజమానికి ఇంకో ఆస్తే. మన దగ్గర కులం తండ్రి నుంచి వస్తుందంటారు. అక్కడ బానిసత్వం తల్లి నుంచి వచ్చింది. దారి ఏదైనా లెక్క ఒకటే: కింద ఉన్నవాళ్ళ బిడ్డ కిందనే ఉండాలి, పైవాళ్ళ ఆస్తి పైవాళ్ళ దగ్గరే ఉండాలి. ఆ రెండు వ్యవస్థలూ ఒకటే అని నేననను. కానీ పుట్టుకనే సంకెలగా మార్చిన పనితనం రెండింట్లోనూ ఉంది.

శామ్యూల్ బెర్రీ ఆ సంకెల ఎలా తెంపాడు? పగలంతా యజమాని పని. రాత్రిళ్ళు చీపుర్లు కట్టేవాడు, మొక్కజొన్న పొట్టుతో చాపలు అల్లేవాడు. వాటిని బాల్టిమోర్ సంతలో అమ్మేవాడు. కోతల కాలంలో యజమాని పొలం పని ముగిశాక పక్క రైతుల దగ్గర అర్ధరాత్రి దాటేదాకా కోత కోసేవాడు. అలా కూడబెట్టిన డబ్బుతో ముందు తనను తాను కొనుక్కున్నాడు. తర్వాత భార్యను, పిల్లలను కొన్నాడు. ఆ ఇంట్లో మొత్తం 13 మంది పిల్లలు పుట్టారు. యజమాని కూతురు ఒకామె మెథడిస్టు కూటాల్లో మారుమనసు పొంది, జ్వరంతో చనిపోతూ, మరియమ్‌నూ పిల్లలనూ శామ్యూల్ కొనుక్కోనివ్వమని తన వాళ్ళను అడిగిందని అమాండా రాసింది. దాన్ని ఆమె దేవుడి కార్యంగా చెబుతుంది. నేను మాత్రం ఆ చీపుర్లను మరిచిపోలేను. తన పెళ్ళాంబిడ్డలను తన చెమటతో కొనుక్కోవాల్సి వచ్చిన మనిషికి ఎవరు ఎవరికి బాకీ?

విముక్తి దొరికినా కాగితం లేకుండా అడుగు కదలదు. మేరీలాండ్‌లో స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళు కోర్టు నుంచి స్వేచ్ఛాపత్రం తెచ్చుకోవాలి. అందులో ఎత్తు, ఒంటి రంగు, మచ్చలు, గాయాల గుర్తులు రాస్తారు. అవమానం కోసం రాసిన ఆ కాగితాలే ఇవాళ మనవళ్ళకు, మనవరాళ్ళకు ముత్తాత ముఖాన్ని చూపిస్తున్నాయి. ఏ కాగితాన్నీ చెత్త అనకండి అని నేను మీకు పదేపదే చెప్పేది ఇందుకే.

బెర్రీ కుటుంబం తర్వాత ఉత్తరాన పెన్సిల్వేనియాకు మారింది. అక్కడ ఆ ఇల్లు పారిపోయి వచ్చే బానిసలకు రహస్య మజిలీ అయింది. శామ్యూల్ రాత్రంతా నడిచి వాళ్ళను తర్వాతి మజిలీకి చేర్చి, తెల్లారేసరికి మళ్ళీ పనికి వచ్చేవాడు. ఆ ఇంటికొచ్చే బాల్టిమోర్ పత్రికలో పారిపోయిన బానిసల ప్రకటనలు ఉండేవి. చిన్నప్పుడు అమాండా అక్షరాలు నేర్చుకున్నది పత్రికల్లోని పెద్ద అక్షరాలు కత్తిరించుకునే. వాటిని వరసగా పేర్చి, మాటలు చేసి పెట్టమని తల్లిని అడిగేది. బడి చదువు మొత్తం కలిపితే కొన్ని నెలలే. ఆ బడిలో కూడా ముందు తెల్లపిల్లలకు చెప్పాక టైముంటేనే వీళ్ళకు.

పదిహేడేళ్ళకు ఆమె కాల్విన్ డివైన్‌ను పెళ్ళాడింది. అతను అంతర్యుద్ధంలో సైన్యంతో పోయి తిరిగి రాలేదు. అలా పోయిన నల్లసైనికుల భార్యలకు పింఛను కావాలంటే ముందు పెళ్ళి రుజువు కావాలి. బానిసల పెళ్ళిని చట్టం పెళ్ళిగానే ఒప్పుకోలేదు, ఇక రుజువెక్కడిది? అందుకని పొరుగువాళ్ళు, మంత్రసానులు, పాత తోటి బానిసలు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఫలానా పొలంలో ఫలానా ఏడు కలిసి బతికారు, ఫలానా బిడ్డ పుట్టింది అని. ఆ పింఛను ఫైళ్ళు ఇవాళ నల్లజాతి కుటుంబ చరిత్రకు పెద్ద గని. వితంతువులు కడుపు కోసం చేసిన పోరాటంలోంచి ఒక జాతి వంశవృక్షం బయటపడింది.

రెండో భర్త జేమ్స్ స్మిత్ 1869లో చనిపోయాడు. ఆమె కన్న అయిదుగురు బిడ్డల్లో పెరిగి పెద్దయింది మేజీ ఒక్కతే. న్యూయార్క్‌లో పగలంతా తొట్టి దగ్గర ఉతుకుడు, రాత్రి ఇస్త్రీ. ఆ వితంతువే తర్వాత వేలమంది ముందు నిలబడి ప్రసంగించింది. తన సొంత నల్లవాళ్ళ చర్చి, ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ సంఘం, 1872లో నాష్‌విల్‌లో మహాసభ పెడితే అక్కడికి వెళ్ళింది. ఈమె పాస్టరు పదవి అడగడానికి వచ్చిందేమో అని అక్కడి మగవాళ్ళు అనుమానంగా చూశారు. తెల్లవాళ్ళ దగ్గర రంగు అడ్డం, సొంతవాళ్ళ దగ్గర ఆడజన్మ అడ్డం. ఇది చదువుతున్న చెల్లెళ్ళకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

1879లో ఆమె బొంబాయిలో దిగింది. అంతకు ఆరేళ్ళ ముందే, 1873లో, అదే మరాఠీ నేల మీద మహాత్మా ఫూలే "గులాంగిరీ" రాసి, నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. శూద్రాతిశూద్రుల విముక్తికి ఆ ఉదాహరణ దారి చూపాలని ఆశపడ్డాడు. ఆ విముక్తి బిడ్డ ఒకతె ఈ నేల మీద నడిచింది. ఆమెను అంబేడ్కరైట్‌గా మార్చి చూపించే పని నేను చేయను. మన మనుషుల మీద ఆమె చూపు ఆ కాలపు మిషనరీ చూపే. చరిత్రలో మనవాళ్ళను ఉన్నవాళ్ళను ఉన్నట్టుగానే ప్రేమించాలి. తర్వాత లైబీరియాలో ఎనిమిదేళ్ళు పనిచేసి, 1899లో ఇల్లినాయ్‌లోని హార్వేలో నల్లజాతి అనాథ పిల్లలకు ఇల్లు కట్టింది. 1915లో కన్నుమూసింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. దొర అప్పుచిట్టాలో జీతగాడి పేరు ఉంటుంది, అతని భార్య పేరు ఉండదు. తెలంగాణలో 1954-55 కాస్రా పహాణీలో తాత పేరు దొరకొచ్చు. బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో తండ్రి పేరు, కులం ఉంటాయి. చర్చి రిజిస్టర్‌లో బాప్తిస్మం పేరు ఉంటుంది. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాదు. అందుకే మన ఇళ్ళల్లో ఒక మనిషి రెండు పేర్లతో బతికాడు, ఒకటి దేవుడికి, ఒకటి ఆఫీసుకు. వెతికేటప్పుడు రెండు పేర్లూ ఒకే మనిషివని మీరు గుర్తుపట్టాలి.

అన్నిటికంటే ముందు ఈ ఆదివారం ఇంటికి పోయి పెద్దవాళ్ళ పక్కన కూర్చోండి. అమాండా రాసినట్టే రాయండి: తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి పేరు, ఏ దొర కింద పనిచేశారు, పక్క పొలం ఎవరిది. దొర పేరు రాయడానికి సిగ్గుపడకండి. ఆ సిగ్గు మనది కాదు.

మా మేనత్త పోయిన నెల ఫోన్ చేసింది. ఆమెకు చిన్ననాటి ఏడుపు పాట ఒకటి గుర్తొచ్చిందట. శవం దగ్గర మా నాయనమ్మ తన తల్లిని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చిన పాట. కాగితంలో లేని ముత్తవ్వ పేరు ఏడుపులో ఉంది. ఆ పేరు నేను రాసుకున్నాను. రాయి మీద కూడా చెక్కిస్తాం.

మీ ఇళ్ళల్లో దొరికిన పేర్లు దాచిపెట్టుకోండి. వచ్చే భాగంలో పహాణీ ఎలా చదవాలో చెప్పుకుందాం.

జై భీమ్.