నడికడలి మొర

ఊరిలో ఇల్లంటుకొన్నచో ఇరుగుపొరుగువారు బిందెలతో పరుగెత్తివత్తురు. నడికడలిలో నావ కంటుకొన్న నిప్పునకు గాని, పగిలిన దాని యడుగుభాగమునకు గాని ఇరుగుపొరుగు లేదు. నిమిషమున కొకసారి ఫిరంగి ప్రేల్చుట, తారుపీపాలను మండించుట, ఆకసమునకు అగ్నిబాణముల నెగురవేయుట, పంతొమ్మిదవ శతాబ్దాంతము వరకు నావికు లెరిగిన యుపాయములు ఇట్టివే. వీనిలో నేదియు కన్నును చెవియు అందుకొను మేరను దాటిపోజాలదు. మంచు క్రమ్మిన రాత్రి యైనచో అంతవరకును పోజాలదు.

1898 చివర ఇంగ్లండు ఆగ్నేయతీరమునందలి గుడ్విన్ ఇసుకతిన్నెలవద్ద లంగరు వేసియున్న దీపనౌకపై, తీగ లేకయే దూరమునకు వార్త పంపు మార్కోనీ వైర్‌లెస్ యంత్రమును నెలకొల్పిరి. 1899 ఏప్రిల్ 28న పొగమంచులో ఆర్. ఎఫ్. మాథ్యూస్ అను ఓడ వచ్చి ఆ దీపనౌకనే ఢీకొనగా, ఒడ్డుననున్న దీపస్తంభమునకు వార్త పోయి సాయము వచ్చెను. దారి చూపుటకై నిలిపిన నావయే దిక్కు కోరి మొరపెట్టుకొనవలసివచ్చుట విచిత్రము.

ఈ సాధనముయొక్క మహిమను లోకమున కెరిగించిన ఘటన 1909 జనవరి 23న జరిగినది. అమెరికా తీరమున నాంటకెట్ దీవి కావల, దట్టమైన మంచులో, న్యూయార్కునుండి వెడలిన రిపబ్లిక్ అను మహానౌక ప్రక్కను ఫ్లోరిడా అను ఇటలీ నావ తెల్లవారకముందే చీల్చివేసెను. యంత్రశాల నీట మునిగి విద్యుచ్ఛక్తి ఆగిపోయెను; వైర్‌లెస్ గది గోడ కూలెను. ఆ గదిలోని ఉద్యోగి జాక్ బిన్స్ చీకటిలో తడుముకొనుచు బ్యాటరీలను కలిపి, చలికి వ్రేళ్లు కొంకర్లుపోవుచుండగా గంటల తరబడి మీట నొక్కుచు కూర్చుండెను. బ్యాటరీల బలము చాలక అతని పిలుపు దూరము పోకున్నను, దీవిపైని వైర్‌లెస్ కేంద్రమువారు దానిని విని అంతకన్న బిగ్గరగా దశదిశలకు మరల చాటిరి. బాల్టిక్ అను ఓడ వచ్చెను గాని, ఎంత వెదకినను ఆ మంచులో రిపబ్లిక్ కానరాదయ్యెను. అప్పుడు బాల్టిక్‌వారు గుండ్లు ప్రేల్చుటయు, రిపబ్లిక్‌పైనివారు చెవియొగ్గి ఆ మ్రోత యే దిక్కున వినవచ్చినదో వైర్‌లెస్‌లో తెలుపుటయు జరిగి, ఎట్టకేలకు ఒకరినొకరు చేరుకొనిరి. ఢీకొన్నప్పుడే మరణించిన కొలదిమంది తప్ప, రెండోడలలోని పదునైదువందలకు పైబడిన జనులు బ్రతికిరి. రిపబ్లిక్ మాత్రము మరునాడు మునిగిపోయెను.

టైటానిక్ కథ నెరుగనివారు లేరు గనుక దానిని విస్తరింపను. ఇద్దరు యువకుల మాట మాత్రము చెప్పెదను. మంచుగడ్డల నడుమ నిలిచిపోయిన కాలిఫోర్నియన్ అను ఓడయందు వైర్‌లెస్ ఉద్యోగి ఒక్కడే. పగలెల్ల పనిచేసి యలసిన యతడు 1912 ఏప్రిల్ 14 రాత్రి, టైటానిక్ మంచుకొండను తాకుటకు కొలది నిమిషముల ముందు, యంత్రము నాపి పరుండెను. ఆ ఓడ ఎంత చేరువలో నుండెనను తగవు నేటికిని తీరలేదు. పైన కాపలానున్నవారు తెల్లని అగ్నిబాణములను చూచియు అతనిని లేపలేదన్నది మాత్రము నిజము. 58 మైళ్ల దూరముననున్న కార్పేతియా అను ఓడ ఉద్యోగియు నిద్ర కుపక్రమించుచునే యుండెను. అయితే వేరొక యోడనుండి రావలసిన బదులుకై వేచి, చెవికి తగిలించిన ఫోనును తీయలేదు. ఆ కారణమున టైటానిక్ మొర వినబడి, కార్పేతియా వచ్చి, ఏడువందలకు మించిన ప్రాణములు దక్కినవి. పదునైదువందలకు మించినవి దక్కలేదు. జీవనౌకలలో 1178 మందికే చోటుండుటను గూర్చి లోకమెల్ల మాట్లాడినది, అది న్యాయమే. కాని వినవలసినవాడు ఒక్కడే యుండి, వాడును నిద్రింపక తప్పనివాడగుట అంతకన్న పెద్ద లోపమని నాకు తోచును.

వినుటతోనే అన్నియు చక్కబడునని కాదు. 1913 అక్టోబరులో వలసజనులతో న్యూయార్కునకు పోవుచున్న వోల్టుర్నో అను ఓడ అట్లాంటిక్ నడుమ తుఫానులో అంటుకొన్నప్పుడు పది పదకొండు ఓడలు చుట్టుచేరినవి. కెరటముల తాకిడికి అవి రాత్రియెల్ల చాలవరకు చూచుచు నిలువవలసివచ్చెను. ముందే దింపిన జీవనౌకలు నుగ్గై వందకు మించినవారు మరణించిరి. ఉదయమున నారగాన్‌సెట్ అను చమురు ఓడ వచ్చి నీటిపై నూనె పోయగా తరగల తలలు అణగి, శేషించినవారు ఒడ్డెక్కిరి.

ఇట్టి యాపదలను చూచి 1914 జనవరి 20న లండనులో రాజ్యములు సముద్రరక్షణ నియమములపై సంతకములు చేసినవి. యుద్ధము వచ్చి అవి అమలు కాక, 1929లో మరల వ్రాసికొనవలసివచ్చెను. ఎడతెగక వినుచుండుటకు ముగ్గురుద్యోగులు కావలెననగా ఓడల యజమానులు ఖర్చునకు వెనుదీసిరి. అందువలన నాలుగేసి సెకండ్ల గీతలు, ఒక్కొక్క సెకండు విరామముతో పండ్రెండు పంపగా, వానిలో కొన్ని వినవచ్చినంతనే తనంత తాను గంట మ్రోగించి ఉద్యోగిని లేపు యంత్రమును కల్పించిరి. వైర్‌లెస్ గది గడియారపు ముఖముపై రెండుచోట్ల ఎర్రరంగు పూయబడియుండెడిది: ప్రతి గంటకు పదునైదవ నిమిషమునుండియు, నలుబదియైదవ నిమిషమునుండియు మూడేసి నిమిషములు ఎల్ల యోడలును ఆపద పిలుపుల అలపై మాటలాపి వినవలసియుండెడిది. ఎంత తొందరపనియున్నను ముల్లు ఎరుపును దాటువరకు మీటపై చేయి వేయరాదను నియమ ముండెడిది. ఇన్ని చట్టములలో నాకు మిక్కిలి నచ్చినది ఈ మౌనవ్రతమే.

1999 ఫిబ్రవరి 1నుండి మీట నొక్కి పంపు మోర్సు పిలుపుల స్థానమును ఉపగ్రహములు, స్వయంచాలక రేడియోలు పూర్తిగా గ్రహించినవి. మొర నాలకించు పని యంత్రములది యైనను, ఓడ మరలించుకొని పోవలసినవాడు నేటికిని సమీపముననున్న నౌకాధిపతియే. సముద్రమున ప్రాణాపాయములో నున్నవానికి, తన ఓడకును జనులకును ముప్పు లేనంతవరకు, అతడు శత్రువైనను సాయపడవలెనని 1910లోనే బ్రస్సెల్స్ ఒడంబడిక విధించియున్నది.