పాత కుర్చీని గీకితే ఎవరి చరిత్ర బయటపడుతుంది?



జమ్మలమడుగు దగ్గర ఒక కాలనీ పిల్లలు మొన్న ఒక మాట అడిగారు. "అన్నా, కమ్యూనిటీ హాల్లో చదువుకునే గది పెట్టుకున్నాం. పుస్తకాలు వచ్చినాయి, లైటు ఉంది. కూచోడానికి మాత్రం ఏమీ లేదు. కొత్త టేబుళ్లు కొనాలంటే మా దగ్గర అంత లెక్క లేదు. ఏం చేయాల?"

పాతవి కొనండి, మీ చేతుల్తో మీరే బాగు చేసుకోండి. నా జవాబు ఇదే. ఎట్లా చేయాలో కింద వివరంగా రాస్తాను. కానీ మన ఇళ్లల్లో కుర్చీ ఎప్పుడూ నాలుగు కాళ్ల చెక్క ముక్క మాత్రమే కాదు. అందుకని ముందు దాని చరిత్ర చెప్పుకుందాం.

పేర్ల దగ్గర మొదలుపెడదాం. చాప, పీట, మంచం అనేవి మనకు పాత మాటలే. కుర్చీ మాత్రం అరబ్బీ "కుర్సీ" నుంచి వచ్చింది. మేజా, అలమారా పోర్చుగీసువాళ్లవి. బెంచి, టేబులు ఇంగ్లీషువాళ్లవి. ఒకసారి ఆలోచించండి. ఎత్తుగా కూర్చునే సామాను పేర్లు చాలావరకు బయటినుంచి వచ్చాయి, వచ్చిన దారి కూడా ఎక్కువగా దర్బారు, కచేరీ, దొరల బంగళాలే. వస్తువుతో పాటు ఒక నియమం కూడా వచ్చింది: ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అప్పటినుంచి 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరు. రైత్వారీ విధానం వేళ్లూనింది ఆ కాలంలోనే. కచేరీలో మేజా మీద లెక్కల పుస్తకం తెరిస్తే అందులో భూమి ఉన్నవాడి పేరు ఉంటుంది. ఆ భూమిలో నాగలి వెనక నడిచిన మాల, మాదిగల్లో ఎక్కువమంది పేర్లు ఆ పుస్తకంలోకి ఎక్కలేదు. పుస్తకంలోనే చోటు లేనివాళ్లకు దాని ముందు కుర్చీ ఎవరు వేస్తారు?

ఉత్తర భారతంలో బ్రిటిష్ అధికారులు దీన్ని కాగితం మీదే పెట్టేశారు. "కుర్సీ నషీన్" అని ఒక సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్లు. అది చేతిలో ఉన్న పెద్దమనిషికి దొర ముందు కుర్చీలో కూర్చునే గౌరవం ఉన్నట్టు. కూర్చోవడానికి కూడా సర్టిఫికెట్టు! మన ఊళ్లల్లో ఆ కాగితం అవసరం పడలేదు. కులమే ఆ పని చేసింది.

ఇప్పుడు మన నేలకు వద్దాం. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల భూమిలో నాపరాయి ఉంది. బయటి ఊళ్లవాళ్లు దాన్ని "కడప బండ" అంటారు. దక్షిణాదిలో ఎన్నో ఇళ్లల్లో వంటగట్టు, అలమారా అరలు, బస్టాపు బల్లలు ఈ రాయే. మన వైపు ప్రతి పెద్ద ఇంటి ముందూ నాపరాళ్లు పరిచిన అరుగు ఉండేది. పంచాయితీ జరిగేది అక్కడే, కూలి లెక్క తేలేదీ అక్కడే. క్వారీలో ఆ రాయిని పగలగొట్టిన చేతుల్లో మన చేతులు ఎన్నో. మా అబ్బ ఆ బండలు మోసినవాడే. అదే బండ అరుగైన తర్వాత ఆయన కింద మట్టిలో గొంతుకూర్చుని మాట్లాడేవాడు. మా అవ్వ చెప్పేది: పైకులపోళ్లు వీధిలో పోతుంటే మన వాకిట్లో మనం మంచం మీద కూర్చుని ఉన్నా లేచి నిలబడాలంట. అంటే సామాను లేకపోవడం పేదరికం ఒక్కటే కాదు. ఉన్నా వాడుకోనివ్వలేదు.

బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో తన సతారా బడి గురించి రాశారు. తక్కిన పిల్లలతో కలవకుండా ఆయన వేరుగా ఒక గోనెపట్ట మీద కూర్చోవాలి. బడి ఊడ్చే నౌకరు ఆ పట్టను ముట్టడు. అందుకని సాయంత్రం ఆ పట్టను ఇంటికి మోసుకుపోయి, మళ్లా పొద్దున బడికి మోసుకురావాలి. కూర్చునే చోటును కూడా చంకలో పెట్టుకుని తిరిగిన పిల్లవాడు ఆయన. ఆ పిల్లవాడే 1947 ఆగస్టులో రాజ్యాంగ ముసాయిదా కమిటీ అధ్యక్షుడయ్యాడు. గోనెపట్టకూ ఆ పీఠానికీ మధ్య ఉన్న దూరమే మన ఉద్యమ చరిత్ర.

మన జిల్లాలో బల్ల మీద కూర్చునే అవకాశం మొదట వచ్చిన దారుల్లో మిషన్ బడి ఒకటి. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపకు వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం నడిమికల్లా ఈ చుట్టుపక్కల మాలపల్లెలనుంచి చాలామంది అందులో చేరారు. 1890ల్లో జమ్మలమడుగులో డాక్టర్ క్యాంప్‌బెల్ పేరుమీద ఆసుపత్రి వెలిసిందీ ఆ మిషన్ వల్లే. అయితే బల్ల ఎక్కడమంటే తేలిక కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో పంచముల పిల్లల్ని చేర్చుకున్నందుకు పైకులాలవాళ్లు తమ పిల్లల్ని బడి మాన్పించిన సందర్భాలు ఎన్నో. ఒక బెంచీ మీద పక్కపక్కన కూర్చోవడానికే అంత గొడవ జరిగింది.

ఇక ఇప్పటి పాత సామాను సంగతి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు పాత సామాన్ల కొట్లకు వచ్చే చెక్క ఎక్కడిది? కొంత స్కూళ్లు, ఆఫీసులు వేలం వేసిన బెంచీలు, టేబుళ్లు. కొంత పాత మట్టిమిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, దంతెలు, ద్వారబంధాలు, తలుపులు. కొంత మునిగిన ఊళ్లది. 2020లో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్ల ప్రొద్దుటూరు మునిగింది. ఆ సెప్టెంబరులో ఊరు ఖాళీ చేయబోమని జనం ఆందోళన చేశారు. ఊరు పోయేటప్పుడు మనుషులు మోసుకుపోగలిగింది తలుపులు, కిటికీలు, వాసాలే. 2013 భూసేకరణ చట్టం కింద కట్టడాల విలువను ఇంజనీర్లతో లెక్క కట్టించవచ్చు. టేకు తలుపుకు విలువ ఉంటుంది. తలుపే లేని గుడిసెకు ఏం లెక్క కడతారు? ముంపు కూడా అందరినీ ఒకే తీరుగా ముంచదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాత టేబులు కొనేటప్పుడు సిగ్గుపడొద్దు. అది ఎవడో పడేసింది మనం తెచ్చుకోవడం కాదు. ఆ చెక్క కోసింది, మోసింది, ఆ ఇల్లు కట్టింది శ్రమ చేసే కులాలే. ఇన్నాళ్లకు అది మన చదువు దగ్గరకు వస్తోంది, అంతే.

ఇక పని.

కొనేటప్పుడు రంగు చూడొద్దు, బరువు చూడండి. కాళ్ల కింద మెత్తని పొడి రాలితే లోపల పురుగు ఉన్నట్టు. గోటితో నొక్కితే దిగబడితే వదిలేయండి. కుర్చీ ఊగులాడుతున్నా చెక్క గట్టిగా ఉంటే భయంలేదు, కీళ్లు మళ్లా అతకొచ్చు. వేప, టేకు అయితే మంచిది. ప్లైవుడ్ ఉబ్బి పొరలు లేచి ఉంటే ఎంత చవకైనా వద్దు.

మొదట కీళ్లు. వదులైనవి ఊడదీసి, పాత జిగురు గీకి, కొత్త జిగురు పెట్టి బిగించండి. బిగించే క్లాంపులు కొనక్కర్లేదు. కాళ్ల చుట్టూ తాడు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టి, ఒక రోజు అట్లనే వదిలేయండి.

తర్వాత గీకడం. ఉప్పు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి, 120, 180 మీదుగా 220తో ముగించండి. ఎప్పుడూ చెక్క చార వెంబడే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. ఒక హెచ్చరిక. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. కాబట్టి పాత రంగు ఉన్న సామానును పొడిగా గీకొద్దు. తడిపి, నీళ్లలో వాడే ఎమిరీ కాగితంతో రుద్దండి. మూతికి మాస్కు పెట్టుకోండి. చిన్నపిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్లను దగ్గరికి రానీయొద్దు. పొడిని ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి తీసేయండి. సున్నాలు, రంగులు గీకే కూలిపనిలో ఎక్కువమంది ఎవరో మీకు తెలుసు. వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయింది కూడా ఈ పొడే.

బొక్కలకు లప్పం దుకాణంలో కొనొచ్చు. లేదా రుద్దినప్పుడు రాలిన రంగులేని చెక్కపొడినే జిగురులో కలిపి పూడ్చండి, రంగు కూడా సరిగ్గా కలుస్తుంది.

ఇక పాలిష్. కుర్చీలకు, అలమారాలకు లక్క పాలిష్ చాలు. లీటరు పాలిష్ స్పిరిట్‌లో 150 గ్రాముల లక్క రేకులు వేసి, మూత పెట్టి, రాత్రంతా నానబెట్టి, పలుచని గుడ్డలో వడగట్టండి. నూలు గుడ్డలో దూది ఉండ చుట్టి, పాలిష్‌లో తడిపి, పలుచగా పూయండి. అరగంట ఆగి మళ్లా పూయండి. ఐదారు పూతలు వేస్తే మెరుపు వస్తుంది. మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చేనేత ఊళ్లు కాబట్టి నూలు పీసులకు కరువు లేదు. ముసురు పట్టిన రోజు ఈ పని వద్దు, గాలిలో తేమ ఉంటే పూత తెల్లగా మారుతుంది. స్పిరిట్ దగ్గర అగ్గి వద్దు. ఆ స్పిరిట్ విషం, పిల్లలకు అందకుండా పెట్టండి. చదువుకునే టేబులు పైభాగానికి మాత్రం వార్నిష్ వేయండి. లక్క మీద వేడి టీ గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది.

ఇంట్లో ఉంది కదా అని శెనగనూనె పూయొద్దు. అది ఆరదు, దుమ్ము పట్టి జిడ్డవుతుంది. అవిసెనూనె ఆరుతుంది. కానీ ఆ నూనె గుడ్డలను ఉండగా చుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి పరిచి ఆరబెట్టండి. ఇనుప కుర్చీలైతే తుప్పు గీకి, రెడాక్సైడ్ ఒక పూత, ఆపైన ఎనామిల్ రెండు పూతలు వేయండి.

లక్క ఎక్కడిదో కూడా తెలుసుకోండి. అది చెట్టు కొమ్మల మీద ఒక చిన్న పురుగు చేసే జిగురు. దాన్ని సేకరించేది ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ఆదివాసీలు. దొర కుర్చీ మెరుపు వెనక ఉన్నది అడవి మనుషుల చెయ్యి.

ఇంకో ప్రశ్న వస్తుంది: "ఇది వడ్లోళ్ల పని కదా, మనకెందుకు?" ఇక్కడ ఆగి ఆలోచించండి. మన సీమ ఊళ్లల్లో ఆయగాళ్ల పద్ధతి ఉండేది. వడ్రంగి, కమ్మరి, చాకలి, మాదిగ, ఎవరి పని వాళ్లది, కల్లంలో ఎవరి మేర వాళ్లది. ఉలి ఒకరి చేతిలో, తోలు ఒకరి చేతిలో, పార ఒకరి చేతిలో. ఒకరి పనిముట్టు ఇంకొకరు పట్టుకోకూడదు. 1936లో బాబాసాహెబ్ "కులనిర్మూలన"లో చెప్పింది దీని గురించే. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసేవాళ్లను మెట్లుమెట్లుగా విడగొడుతుంది. మన దగ్గర తెలివి లేక కాదు. తంగేడు చెక్కతో తోలు ఊనిన మాదిగలకు ఏ చెట్టు బెరడు ఏం చేస్తుందో తెలుసు. ఆ తెలివిని ఇంకో పనిలోకి పోనివ్వకుండా గోడ కట్టారు. అందుకని మీ కాలనీ ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఉప్పు కాగితం పట్టుకోండి. తెలిసిన వడ్రంగి ఉంటే పిలిచి నేర్చుకోండి. ఆయన కూలి ఆయనకు ఇవ్వండి, పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్లకు చివరిగా ఒక సంగతి. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది, పంచాయతీల్లో మనకు రిజర్వేషను వచ్చింది. సీటు వచ్చింది. కుర్చీ? 2020 అక్టోబరులో తమిళనాడు కడలూరు జిల్లాలో ఒక దళిత మహిళా పంచాయతీ అధ్యక్షురాలు సమావేశంలో నేలమీద కూర్చుని ఉన్న ఫొటో దేశమంతా చూసింది. తక్కినవాళ్లు కుర్చీల్లో ఉన్నారు. ఎన్నికైన మనిషికే ఆ గతి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. ఎన్నికైన దళిత, ఆదివాసీ పంచాయతీ సభ్యుల్ని, అధ్యక్షుల్ని బెదిరించి, అడ్డగించి, వాళ్ల విధులు చేయనివ్వకపోవడం 2015 సవరణతో అందులో నేరంగా చేరింది. సెక్షన్ 3(1)(ఎం). ఈ నంబరు రాసిపెట్టుకోండి. సర్పంచిని నిలబెట్టి, వెనకనుంచి ఇంకొకరు ఊరు ఏలే చోట్లలో ఇది పనికొస్తుంది.

చదువుకునే గదిలో మీరు బాగుచేసిన కుర్చీలో రేపు కూర్చోబోయే పాపకు గ్రూప్స్ పుస్తకం ఎంత ముఖ్యమో ఈ సెక్షనూ అంతే ముఖ్యం. రెండూ అదే టేబులు మీద పెట్టండి. మీ ఊళ్లో అరుగు మీద ఎవరు కూర్చునేవాళ్లో, ఎవరు లేచి నిలబడేవాళ్లో మీ అబ్బల్ని, అవ్వల్ని అడిగి రాసుకోండి. వాళ్లు బతికుండగానే అడగండి. వచ్చే భాగంలో వాళ్ల మాటలతోనే మాట్లాడుకుందాం.

జై భీమ్.