పంపిన ఊరు, పిలిచిన ఊరు

హైదరాబాద్‌లో అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో గోల్డెన్ థ్రెషోల్డ్ ఉంది. సరోజినీ నాయుడు ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. పరిశోధన ఫెలోషిప్పుల కథకూ ఆ గడపే మొదలు. ఆమె తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ స్కాలర్‌షిప్ మీద ఎడిన్‌బరో వెళ్లి డీఎస్సీ తెచ్చుకున్నారు. తర్వాత నిజాం కాలేజీకి తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. 1895లో నిజాం సొమ్ముతో సరోజిని ఇంగ్లండ్ ఓడెక్కారు. పిల్లల్ని చదువుకు పంపడం ఈ ఊరికి ముందునుంచీ బాగా తెలుసు.

డాక్టరేట్ చేతికొచ్చాక కూడా ఒక మనిషిని పోషించి, ఆలోచించుకోనివ్వడం, అంటే పోస్ట్‌డాక్ ఫెలోషిప్, వేరే సంగతి. ఆ భాగ్యం నిజాం కాలేజీలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పుకు అమెరికాలో దక్కింది. తండ్రి నిజామియా వేధశాల ఉద్యోగి. అక్కడ గాజు ఫలకాల మీది చుక్కల్ని ఒక్కొక్కటిగా కొలిచి, లక్షల నక్షత్రాల స్థానాల్ని చేత్తోనే లెక్కగట్టేవారు. కుర్రాడు ఆ వాతావరణంలో పెరిగాడు. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ చేరి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. డాక్టరేట్ అయ్యాక కార్నెగీ ఫెలోగా పాలొమార్ వేధశాలకు వెళ్లాడు. ఖగోళవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి అక్కడ పట్టుకున్న సూత్రం 1957లో అచ్చయింది: నక్షత్ర వర్ణపటంలో కాల్షియం గీత వెడల్పు చూసి దాని అసలు వెలుగు చెప్పొచ్చు. తిరిగొచ్చాక ఆయనకు కుర్చీ వేసింది మాత్రం హైదరాబాద్ కాదు. ముందు ఉత్తరప్రదేశ్, 1960లో కొడైకెనాల్.

ఇలా విదేశాల నుంచి తిరిగొచ్చేవారు ఖాళీగా కూర్చోకూడదని కేంద్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ 1958లో సైంటిస్ట్స్ పూల్ పెట్టింది. అది తాత్కాలిక ఏర్పాటు, అంతే.

1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పుట్టింది. తొలి చిరునామా ఆ గోల్డెన్ థ్రెషోల్డే. అది తర్వాత చేరిన గచ్చిబౌలి అప్పటికింకా రాళ్లూ తుప్పలూ. 1980లో ఆ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగానికి జెమ్మిస్ వచ్చారు. పుట్టింది కేరళ, డాక్టరేట్ ప్రిన్స్‌టన్, పోస్ట్‌డాక్ కార్నెల్‌లో రోల్డ్ హాఫ్‌మన్ దగ్గర. మరుసటి ఏడే హాఫ్‌మన్‌కు నోబెల్ వచ్చింది. పరీక్షనాళిక పట్టకుండా, అణువులో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో కంప్యూటర్‌తో లెక్కించే విద్య జెమ్మిస్ నేర్చుకొచ్చింది. అప్పట్లో కంప్యూటర్ పనంటే పంచ్ కార్డుల కట్ట. ఒక కార్డు వరస తప్పిందా, పని మళ్లీ మొదటికి! నా దృష్టిలో కథ మలుపు తిరిగింది ఇక్కడే. బయట నేర్చిన విద్యకు ఈ ఊళ్లోనే శిష్యులు దొరికారు. వారిలో గారికపాటి నరహరి శాస్త్రి ఒకరు. ఇక్కడే డాక్టరేట్ చేసి, జెరూసలేంలో సాసన్ షాయిక్ దగ్గర పోస్ట్‌డాక్ ముగించుకుని, 2002లో ఈ ఊరికే తిరిగొచ్చి తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో చేరారు. 2011లో భట్నాగర్ బహుమతి అందుకున్నారు.

ఇప్పుడు పోస్ట్‌డాక్ కోసం విమానం ఎక్కక్కర్లేదు. 35 ఏళ్లలోపువారికి కేంద్రం పెట్టిన నేషనల్ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ ఉంది. మొదలైనప్పుడు నెలకు 55,000 రూపాయలు, గడువు రెండేళ్లు. డబ్బు సంగతి సరే, గడువే చాలదు. ఇలా కంప్యూటర్‌తో చేసే రసాయనశాస్త్రంలో ఇంకొకరు రాసిన ప్రోగ్రామ్ అర్థం చేసుకుని, కంప్యూటర్ల క్లస్టర్‌లో క్యూ కట్టి, వచ్చిన జవాబు నిజమో కాదో తేల్చుకునేసరికి మొదటి ఏడాది అయిపోతుంది. రెండో ఏడాది సగం ఉద్యోగ దరఖాస్తులకే పోతుంది. ఈ పనికి మూడేళ్లయినా ఇవ్వాలి.