నిద్రమందు తెలిపిన చూపు రహస్యము

మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో చంటిబిడ్డ కనుపాప నడుమ తెల్లని చుక్క అగపడినను, చూపు పక్కకు ఒరగినను, "ఇంకా పసిగుడ్డు, జర పెద్దగైనంక సూపిద్దాం" అను మాటయు, మెల్లకన్ను అదృష్టమను నమ్మకమును నేటికిని వినబడుచునే యున్నవి. ఆ జాగు బిడ్డకు ఎంతటి చేటు తెచ్చునో లోకమునకు తేటపరచిన పరిశోధన, ఒక నిద్రమందు ఆసరాతో సాగినది.

ఆ నిద్రమందు వంశమునకు మూలమైన బార్బిట్యూరిక్ ఆమ్లమును 1864లో జర్మనీ రసాయనవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ కనుగొనెను. దానికి నిద్రగొల్పు గుణమే లేదు. ఆ గుణముగల వెరొనాల్ 1903లోను, నరమున కెక్కించిన క్షణములలో స్మృతి తప్పించు థయోపెంటాల్ 1934లోను వైద్యుల చేతికి వచ్చినవి.

1950వ దశకము చివర అమెరికాలో డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీసెల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు పిల్లికి థయోపెంటాల్ నిచ్చి, కనుగ్రుడ్డు కదలకుండ వేరొక మందుతో కండరములను సడలించి, ఎదుటి తెరపై కాంతిరేఖలను నడపుచు, మెదడు వెనుకభాగమునందలి ఒక్కొక్క కణము స్పందనను సన్నని లోహపుసూదితో ఆలకించిరి. పిల్లి గాఢనిద్రలో నున్నను, దాని కంటబడిన రేఖ ఏ వాలున నున్నదో ఆ కణములు గుర్తించుచునే యుండెను! పిమ్మట వారు పిల్లికూనల ఒక కంటి రెప్పలను పుట్టిన కొలది దినములకే కుట్టి, రెండు మూడు నెలలైన పిదప విప్పి చూచిరి. కన్ను నిర్మలముగనే యున్నది. కాని మెదడు కణములలో దాని పిలుపునకు పలుకునవి ఇంచుమించు లేకపోయినవి. ఎదిగిన పిల్లికి అట్లే చేసినపుడు ఈ నష్టము కలుగలేదు. 1963లో వెలువడిన ఈ సత్యమునకు ఆ మూగజీవములు చెల్లించిన మూల్యమును తలచినపుడు నా మనసు కలుక్కుమనును. ఆ ఋణము మనము తీర్చగలిగినది కాదు. 1981లో ఆ యిరువురికిని నోబెల్ బహుమానము లభించెను.

మన బిడ్డల సంగతియు ఇంతే. చూచుట కన్ను ఒక్కటి చేయు పని కాదు. శైశవమున మెదడు నేర్చుకొనవలసిన విద్య. కనుపాపలో తెలుపుగ అగపడు పుట్టుశుక్లమును ఏండ్లు గడచిన పిదప ఎంత నేర్పుగ తొలగించినను, ఆ విద్య నేర్వని మెదడునకు నిండు చూపు రాదు.

హైదరాబాదులో 1987 నుండి ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పనిచేయుచున్నది. సూర్యాపేట నుండి అది ఒక్కపూట ప్రయాణము. తల్లులారా, బిడ్డ కనుపాపలో తెలుపు కనబడినచో ఏడాది నిండువరకు ఆగకుడు, ఆ వారమే కంటివైద్యునికి చూపుడు.