రాగిని బంగారము చేసే విద్య : ఇమాం గజాలీ చరిత్రలో ఒక ఘట్టము

కీమియా అనగానే మన పెద్దవాళ్ళకు కొలిమి, తిత్తి, మూసలో కరుగుతున్న రాగి జ్ఞాపకము వస్తాయి. తెలుగులో దీనినే రసవాదమన్నారు. తాకితే ఇనుమును బంగారము చేసే రాయికి పరుసవేది అని పేరు పెట్టుకున్నారు. వేమన యోగిని గురించి చెప్పుకునే కథలలో సయితము ఈ విద్య తగులుతుంది. అరబ్బులలో జాబిర్ బిన్ హయ్యాన్ పేరు దీనికి ప్రసిద్ధి. బడిలో మన పిల్లలు చదువుకునే కెమిస్ట్రీ అనే మాట కూడ ఈ కీమియాకు చుట్టమే. ఎందరు ఎన్ని మూసలు కాల్చినా రాగి మాత్రము రాగిగానే ఉండిపోయింది, అది వేరే సంగతి.

ఈ మాటను మనిషి లోపలికి త్రిప్పి ఒక గొప్ప గ్రంథమే వ్రాసిన మహనీయుడు ఇమాం అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి). ఆ పారసీ గ్రంథము పేరు 'కీమియాయె సఆదత్', అనగా సౌభాగ్య రసవాదము. అక్బరు చక్రవర్తి చదివించుకొని వినే పుస్తకాలలో ఇదీ ఒకటని అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో పేర్కొన్నాడు. మన హైదరాబాదుకు కూడ ఇమాంగారితో ఒక సంబంధమున్నది. మౌలానా షిబ్లీ నూమానీ గారు నిజాం సర్కారు కొలువులో ఇక్కడ ఉన్న రోజులలోనే 'అల్ గజాలీ' అనే జీవిత చరిత్రను ఉర్దూలో వ్రాశారు. అది 1902లో వెలువడింది.

అయితే కీమియా గ్రంథము సంగతి చూసే ముందు, దానిని వ్రాసినాయన ఏ మూసలో కాగినాడో చూడవలసి యున్నది.

ఇమాంగారు 1058లో ఖురాసాను దేశములోని తూస్ లో జన్మించారు. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే పేదవాడని చెబుతారు. తండ్రి పోయిన తరువాత, ఆ మిగిలిన నాలుగు డబ్బులూ అయిపోతే, అన్నదమ్ములిద్దరూ మదర్సాలో చేరారు. అక్కడయితే రెండు పూటలా తిండి దొరుకుతుంది. దారిలో దొంగలు ఆయన నోట్సు మూట ఎత్తుకుపోయిన కథ మన పిల్లలకు తెలిసినదే, మళ్ళీ చెప్పనక్కర లేదు. నేషాపూరులో ఇమాముల్ హరమైన్ జువైనీ గారి దగ్గర చదువు పూర్తి చేసి, 1091లో, ముప్పై మూడేళ్ళ వయసులో, బాగ్దాదు నిజామియా మదర్సాకు ప్రధాన ఆచార్యులైనారు. సెల్జూకు వజీరు నిజాముల్ ముల్క్ ఏరికోరి వేసిన నియామకమది. పాఠము వినేవారు మూడు వందల మంది. ఖలీఫా దర్బారులో గౌరవము, చర్చలో ఎదురు నిలిచేవాడు లేడు. ఆ రోజులలో ఒక పండితుడు అంతకంటే పైకి పోవడానికి మెట్టు లేదు.

అంత ఎత్తున కూర్చున్న మనిషి 1095 వేసవిలో, హిజ్రీ 488 రజబు నెలలో, పాఠము చెప్పబోతే నోరు పెగలలేదు. ఒక రోజా రెండు రోజులా! విద్యార్థుల మనసు నొప్పించడమెందుకని మాట్లాడ ప్రయత్నించినా మాట రాలేదు. అన్నము అరగలేదు, గుటక దిగలేదు. హకీములు నాడి పట్టి చూసి, ఇది హృదయములో పుట్టి శరీరానికి ప్రాకిన జబ్బు, మందులతో పోదని చేతులెత్తేశారు. పాఠము చెప్పి పొట్టపోసుకునే మాబోటి వాళ్ళకు ఈ ఘట్టము చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

లోపల జరిగినదేమిటో 'అల్ మున్ ఖిజ్' అనే తన స్వీయచరిత్రలో ఆయనే విప్పి చెప్పారు. తాను చేస్తున్న పనులను ఒక్కొక్కటే తీసి పరీక్షించుకున్నారట. అన్నిటిలో మంచిది దీన్ విద్య బోధించడమే కదా అని దానిని పట్టి చూస్తే, అది కూడ అల్లాహ్ కోసము కాక, పేరు కోసము, పదవి కోసము నడుస్తున్నట్టు కనబడింది. గమనించండి. ఆయన తనలో సారాయిని, జూదాన్ని కనుక్కోలేదు. తన అన్నిటికంటే మంచి పని క్రింద దాగి ఉన్న చీకటిని కనుక్కున్నారు. యూరపులో యుంగ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు (1875–1961) మనిషి తనలో చూడ నిరాకరించే భాగానికి 'నీడ' అని పేరు పెట్టినాడు. మన పెద్దలు దీనిని ఎన్నో వందల ఏళ్ళ క్రితమే నఫ్సు అన్నారు. చెడుకు పురికొల్పే నఫ్సు అమ్మారా, తప్పు చేసి తనను తానే నిందించుకునే లవ్వామా, నెమ్మది పొందిన ముత్ మయిన్నా – ఈ మూడు పేర్లూ దివ్య ఖుర్ఆన్ లో ఉన్నవే.

ఆరు నెలలు ఊగిసలాడి, చివరకు మక్కా యాత్ర పేరు చెప్పి ఆయన బాగ్దాదు విడిచారు. ఉన్న ధనము పంచిపెట్టి, పిల్లల పోషణకు సరిపడా మాత్రము ఉంచారు. దమిష్కులో పెద్ద మస్జిదు మినారెక్కి పగలంతా తలుపు వేసుకొని కూర్చునేవారు. తరువాత బైతుల్ మఖ్దిస్, అక్కడి నుండి హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి ఉన్న ఖలీల్ పట్టణము. అక్కడ మూడు ప్రతిజ్ఞలు చేశారు : రాజుల సొమ్ము ముట్టను, రాజుల గడప త్రొక్కను, గెలుపు కోసము వాదానికి దిగను. దమిష్కులో ఒక మదర్సాకు పోతే అక్కడి ముదర్రిసు, ఎదుట ఉన్నది ఎవరో తెలియక, గజాలీ ఇలా అన్నాడని పాఠము చెబుతున్నాడట. ఆ మాట విని గర్వము తలయెత్తుతుందేమోనని ఆయన ఊరే విడిచి పోయినారని ఒక కథ చెప్పుకుంటారు.

1092లో నిజాముల్ ముల్క్ బాతినీల కత్తికి బలి అయినాడు, రాజ్యములో వారసత్వపు గొడవలు లేచాయి, ప్రాణభయముతోనే గజాలీ పారిపోయినాడు అని వ్రాసిన చరిత్రకారులున్నారు. భయము అసలే లేదని మేమనము. కాని భయపడి పారిపోయినవాడు తన గొప్పతనము వెనుక ఉన్న డొల్లను తానే కలము పట్టి లోకానికి చెప్పవలసిన పనేమి? ఆ స్వీయచరిత్ర తరువాతి రోజులలో వ్రాసినది. అప్పటికి ఆయనను నిలదీసి అడిగేవారెవరూ లేరు.

ఆ సంచార జీవితములో పుట్టినది 'ఇహ్యా ఉలూమిద్దీన్' అనే నలభై ప్రకరణాల మహా గ్రంథము. దాని సారమే పారసీలో కీమియా. మనిషి పుట్టుకతో ముడి లోహము వంటివాడు, రాగిని బంగారము చేసే మందు ముసలమ్మల పెట్టెలలో దొరకదు, రాజుల ఖజానాలో ఉంటుంది, ఆ ఖజానా ప్రవక్తల హృదయము – గ్రంథము ఈ పోలికతోనే మొదలవుతుంది. ఇహ్యాలో మరొక చిత్రమున్నది. ప్రతి మనిషిలోనూ ఒక పంది, ఒక కుక్క, ఒక షైతాను, ఒక వివేకి ఉన్నారంటారు. పంది ఆశ, కుక్క కోపము, ఆ రెంటినీ ఎగదోసేవాడు షైతాను. తెర తొలగిస్తే, విగ్రహానికి మ్రొక్కేవానిని చూసి నవ్వే పెద్దమనిషి తానే పందికో కుక్కకో మోకరిల్లి సేవ చేస్తూ కనబడతాడట.

కాని వాటిని చంపమని ఇమాంగారు అనలేదు. కోపమే లేకపోతే ధైర్యమెక్కడిది? ఆకలే లేకపోతే ఒళ్ళు నిలిచేదెట్లా? కుక్కను వేటకు తర్ఫీదు చేసినట్టు చేసుకోమన్నారు. మా దృష్టిలో కీమియా అనే పేరు సార్థకమయ్యేది ఇక్కడే. రసవాది రాగిని పారవేయడు గదా! బంగారము కావలసినది ఆ రాగియే.

మరి కంటికి కనబడని లోపాన్ని పట్టుకునేదెట్లా? నాలుగు దారులు చెప్పారు. లోపాలు తెలిసిన గురువును ఆశ్రయించడము ఒకటి. మొగమాటము లేని స్నేహితుడు రెండవది. మూడవది శత్రువు నోరు. పొగిడే మిత్రుడు దాచేదానిని శత్రువు కన్ను వెతికి పట్టి పెడుతుంది. నాల్గవది, ఇతరులలో మనకు అసహ్యమనిపించినది మనలో ఉన్నదేమో వెతుక్కోవడము. మాకు ఈ నాల్గవదే అన్నిటికంటే కష్టమనిపిస్తుంది. పక్కవాని పిసినారితనము చెప్పమంటే గంటసేపు చెప్పగలము.

దినచర్యకు ఆయన చెప్పిన పద్ధతి మన సభ్యులలో వ్యాపారస్తులకు వెంటనే బోధపడుతుంది. నఫ్సు వ్యాపారములో భాగస్తుడు వంటిది. ప్రొద్దున్నే షరతు చెప్పాలి, పగలు కనిపెట్టి ఉండాలి, రాత్రి చిట్టా ముందు వేసుకొని లెక్క అడగాలి. ఫర్జులు అసలు, నఫిళ్ళు లాభము, పాపాలు నష్టము. తేడా వస్తే జరిమానా. భాగస్తుడు ఎంత నమ్మకస్తుడైనా లెక్క చూడకుండా ఏ దుకాణదారుడూ నిద్రపోడు కదా.

రియా, అనగా నలుగురి కోసము చేసే భక్తి, చీకటిలో చీమ నడక వంటిది, అంత తేలికగా చిక్కదు. దీనికి ఒక పెద్దాయన సంగతి ఉదాహరణగా చెప్పారు. ఆయన ముప్పై ఏళ్ళు మస్జిదులో మొదటి వరుసలోనే నమాజు చేసినాడు. ఒకనాడు ఆలస్యమై రెండవ వరుసలో నిలబడవలసి వస్తే, జనము చూస్తున్నారే అని సిగ్గు పుట్టింది. ఇన్నాళ్ళూ తన మనసుకు హాయిగా ఉన్నది నమాజు కాదు, మొదటి వరుసలో కనబడడమని అప్పుడు తెలిసింది. ఆ ముప్పై ఏళ్ళ నమాజులన్నీ మళ్ళీ చేసినాడు.

మన సొసైటీ వంటి సంస్థలలో పనిచేసేవారము ఈ కథను ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. సభలో ముందు వరుస కుర్చీ, సావనీరులో ఫోటో, విరాళాల జాబితాలో పేరు ఎక్కడ వచ్చినది – వీటి మీద ఏ ఊరి సంఘములో మాటలు రాలేదు చెప్పండి? జాబితాలు వేయవద్దని కాదు. బహిరంగముగా ఇవ్వడము మంచిదేనని, రహస్యముగా పేదలకు ఇవ్వడము ఇంకా మేలని ఖుర్ఆన్ ఉపదేశము. ఒకరిని చూసి మరొకరు ఇస్తారు గనుక బహిరంగ దానమూ ఉండవలసినదే. పేరు తప్పిపోయిన సంవత్సరము కూడ చెయ్యి అంతే ధారాళముగా సాగినదా అన్నది రాత్రి చిట్టాలో చూసుకోవలసిన పద్దు.

ఇమాంగారు మినారులోనే ఉండిపోయి ఉంటే మేము ఇంత వ్రాసేవారము కాము. పిల్లల పిలుపు విని ఇంటికి వచ్చారు. 1106లో వజీరు ఫఖ్రుల్ ముల్క్ కోరిక మీద నేషాపూరు నిజామియాలో మళ్ళీ పాఠము మొదలు పెట్టారు. రాజుల గడప త్రొక్కనన్న మాట ఏమైనదని విమర్శించినవారున్నారు. ఆయన పెద్దలను సంప్రదించి, ఇంట్లో కూర్చోవడము కూడ సుఖానికీ, గౌరవము కాపాడుకోవడానికీ ఒక సాకు కావచ్చునని తేల్చుకున్నారు. చూశారా, వైరాగ్యము లెక్క కూడ అడిగినాడు! మునుపు పదవి తెచ్చిపెట్టే విద్య చెప్పాను, ఇప్పుడు పదవి విడిపించే విద్య చెబుతున్నాను అన్న భావముతో వ్రాస్తూ, కోరినది సాధిస్తానో లేదో తెలియదని కూడ చేర్చారు.

కొన్నాళ్ళకు ఆ ఉద్యోగమూ విడిచి తూస్ చేరారు. ఇంటి ప్రక్కనే ఒక మదర్సా, ఒక ఖాన్ ఖా. బాగ్దాదు నిజామియా పీఠానికి రమ్మని మళ్ళీ కబురు వచ్చింది. ఖలీల్ లో చేసిన ప్రతిజ్ఞ చెప్పి, ఇక్కడ విద్యార్థులున్నారు, పిల్లలున్నారు, రాలేనని జాబు వ్రాశారు. 1111 డిసెంబరులో, ఒక సోమవారము నాడు, ఆ తూస్ లోనే కన్ను మూశారు.