లూపులో దాగిన శ్రమ

కంప్యూటరు మీద లూపులు అతికి పాట కట్టేవారిని చూసి, యిది సంగీతమే కాదని పెదవి విరిచే పండితులున్నారు. చేసిందే మళ్ళీ మళ్ళీ చేయడం వారికి గిట్టదు. పల్లవిని తిప్పి తిప్పి పాడని జాతి ఏదో వారే చెప్పాలి! తేల్చవలసిన సంగతి వేరే వుంది. అలా తిరిగే ఆ కొద్ది క్షణాలు ఎవరి చేతి కష్టం? దాని ఫలం ఎవరికి దక్కింది?

లూపు కంప్యూటరుతో పుట్టలేదు. 1948లో ఫ్రెంచి రేడియోలో పనిచేస్తున్న పియేర్ షెఫర్, గ్రామఫోను రికార్డు గాడి తన మొదటినే తిరిగి కలుసుకొనేటట్లు చేశాడు. ముల్లు ముందుకు సాగక అక్కడక్కడే తిరిగేది. ఏ చప్పుడైనా అలా తిరిగితే లయ పుట్టేది. తరువాత టేపు ముక్కల చివరలు అతికించి అదే పని చేశారు. అంతవరకూ యిది ప్రయోగశాల వ్యవహారం.

1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ బృందం ఒక రికార్డు వెనకవైపు నింపడానికి 'అమెన్, బ్రదర్' వాయించింది. మధ్యలో తక్కిన వాద్యాలు ఆగిపోతాయి. గ్రెగరీ కోల్‌మన్ డ్రమ్ములు మాత్రం సుమారు 7 సెకండ్లు మోగుతాయి. అంతే! శాంప్లర్ యంత్రాలు వచ్చాక ఆ 7 సెకండ్లు హిప్‌హాప్‌లోకి, 1990ల ఇంగ్లండులో జంగిల్ సంగీతంలోకి పాకాయి. వేల పాటలకు అదే పునాది. కోల్‌మన్ 2006లో దరిద్రంలో చనిపోయాడు. ఆ పాటల నుంచి ఆయనకు రాయల్టీ ముట్టలేదు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు సుమారు 24,000 పౌండ్లు యిచ్చారు. హక్కుగా రావలసింది విరాళంగా వచ్చింది. అలాగని దాన్ని వాడుకున్న కుర్రవాళ్ళందరినీ దొంగలనడం న్యాయం కాదు. వారిలో ఎందరో పేదపేటల బిడ్డలే. వాద్యబృందాన్ని కుదుర్చుకునే డబ్బు వారికెక్కడిది?

1998లో సోనిక్ ఫౌండ్రీ కంపెనీ 'ఆసిడ్' సాఫ్టువేర్ తెచ్చింది. లూపు వేగం మార్చినా శ్రుతి చెడదు. ఏ లూపైనా తక్కినవాటితో తానే కలిసిపోతుంది. 2004లో ఆపిల్ వారి 'గరాజ్‌బాండ్' వెయ్యికి పైగా లూపులతో వచ్చింది. వీటిని 'రాయల్టీ లేనివి' అంటారు. కొన్నవాడికి యిది నిజంగా స్వేచ్ఛే. వాయించినవాడికి మాత్రం సాధారణంగా ఒక్కనాటి కూలితో లెక్క తీరిపోతుంది. లూపు ఎన్ని పాటల్లో మోగినా మరో కాణీ రాదు. 2007లో ప్రపంచమంతా విన్న రిహానా పాట 'అంబ్రెల్లా'లోని డ్రమ్ములు గరాజ్‌బాండ్ లూపే. దాని పేరు 'వింటేజ్ ఫంక్ కిట్ 03'. అందులో వాద్యం పేరుంది, అంకె వుంది. వాయించిన మనిషి పేరు లేదు.